చిప్ప రాళ్లకు చింతపండు వద్దు
(మన సంఘం మద్దూరు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు "సారూ, మీరు రిటైరయినంక ఏదో నగల పని నేర్చుకున్నరట, అది చెప్పండి" అన్నారు. నేను నగల పనివాణ్ని కాను. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సైన్సు చెప్పి 2008లో రిటైరయిన పంతుల్ని. నేర్చుకున్నది కూడా సరదాకు కాదు, నా చేత్తో నేను చేసిన ఒక పాడుపని దిద్దుకోవడానికి. అందుకని ముందు ఆ తప్పే చెబుతాను.

మా అమ్మకు ఒక పతకం ఉండేది. ఊరి ఔసలాయన చేత్తో చేసినది. నడుమ ఒక పగడం, దాని చుట్టూ ఎనిమిది తెల్లని రేకులు. ఆ రేకులు ముత్యపు చిప్పవి. పట్నంలో దాన్ని సీపు అంటారు. ఒక్కొక్కటి వేపగింజంత ఉంటుంది. కొంచెం వంచి చూస్తే గులాబీ రంగు, ఇంకొంచెం వంచితే లేత ఆకుపచ్చ. వెనక లక్క పోసి, చుట్టూ సన్నని బంగారు అంచు నొక్కి కూర్చోబెట్టాడు ఆ మహానుభావుడు.

1948 సంగతి ఇక్కడున్న పెద్దలకు చెప్పనక్కరలేదు. మనకు దగ్గరి బైరాన్‌పల్లిలో ఆగస్టు 27న ఏం జరిగిందో, ఆ బురుజు ఇప్పటికీ నిలబడి చెబుతూనే ఉంది. ఆ రోజుల్లో మా ఇంట్లో నగలన్నీ కుండలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, పశువుల కొట్టంలో పాతిపెట్టారట. సెప్టెంబరులో పోలీసు యాక్షన్ అయి, ఊళ్లు సద్దుమణిగాక తవ్వి తీశారు. నేను అప్పటికి పుట్టలేదు. మా అక్కకు ఆరేళ్లు. కుండ పాతేటప్పుడు దీపం పట్టుకుని నిలబడ్డది ఆమే. తీసిన తర్వాత బంగారం బంగారంలాగే ఉందట, రేకులు మాత్రం కొంచెం మసకబారాయట. "అంతకుముందు అమ్మ మెడల అది సందమామ లెక్క మెరిసేదిరా" అని అక్క అనేది. అట్లా చూసినవాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే.

అమ్మ 2003లో పోయింది. పతకం నా దగ్గర, అమ్మ పాత చెక్క సందుగలోనే ఉండిపోయింది. 2014లో అక్క మనవరాలి పెళ్లి కుదిరింది. "తమ్మీ, అమ్మ పతకం పిల్ల మెడల ఒక్క పూట ఏసి చూసుకుంటరా" అని అడిగింది. అంతకన్నా ఏం కావాలి? పెళ్లికి రెండు రోజుల ముందు తీశాను. మసకగా ఉంది, రేకుల మీద తెల్లని పొడి లాంటిది పట్టి ఉంది. తళతళలాడించి తీసుకుపోదామనుకున్నాను. గిన్నెలో చింతపండు పిసికి, నాలుగు కుంకుడుకాయలు కొట్టివేసి, పొయ్యి మీద పెట్టాను. మా ఇంటావిడ అడ్డం వచ్చింది. "అత్తమ్మ దాన్ని తడిబట్టతోనే తుడిచేది. చింతపండు ఎన్నడు పెట్టలేదు" అన్నది. "నేను కెమిస్ట్రీ చదివినవాణ్ని, నాకు చెబుతావా?" అన్నాను.

పావుగంట ఉడికించాను. తీసి చూస్తే లక్క మెత్తబడి రెండు రేకులు ఊడి గిన్నెలో ఉన్నాయి. అందులో ఒకటి ఉల్లిపొర విడిపోయినట్టు పొరలు పొరలుగా విడిపోయింది. మిగిలిన వాటిలో మూడు సుద్దముక్కల్లా తెల్లబడ్డాయి. మిగతావీ, పగడమూ నునుపు పోయి గరుకుగా అయ్యాయి. బంగారం మాత్రం బ్రహ్మాండంగా మెరుస్తోంది!

అయ్యా, ముప్పయి ఏళ్లు ఎనిమిదో తరగతి పిల్లల ముందు సున్నపురాయి మీద ఆమ్లం పోసి, బుడగలు చూపించి, "ఇది కార్బన్ డయాక్సైడ్" అని చెప్పినవాణ్ని నేను. ముత్యం, ముత్యపు చిప్ప, పగడం, గవ్వ, శంఖం - అన్నీ ఆ సున్నపురాయి జాతివే. కాల్షియం కార్బొనేటు. చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం. ఇత్తడి చెంబు మీది చిలుమును కరిగించేది అదే, చిప్పను తినేసేదీ అదే. చిన్నప్పటి నుంచి తాంబాళాలు, దీపపు కుందులు చింతపండుతో తోమడం చూసిన కళ్లకు, బంగారం పక్కన ఉన్నది రాయి కాదని తోచలేదు.

పెళ్లికి పతకం లేకుండానే పోయాను. అక్క సంచీ వైపు చూసింది. జరిగింది చెప్పాను. "గిట్ల జేస్తివేందిరా" అన్నది, అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ ఏడు రాఖీకి రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. మోకాళ్ల నొప్పులని కబురు పంపింది. మన తెలంగాణలో అక్కాచెల్లెళ్లు రాఖీకి రాకపోవడమంటే ఏమిటో మీకు తెలుసు.

మొదట ఒక పట్నంలో పెద్ద నగల దుకాణానికి తీసుకుపోయాను. కుర్రవాడు కాటాలో వేశాడు. "లక్క, చిప్పలు తీసేస్తే నికరం బంగారం ఇంత. ఈ చిప్పలకు ధర ఉండదంకుల్. కరిగించి కొత్త మోడల్ తీసుకోండి, లేదంటే తెల్లరాళ్లు పెట్టిస్తాం" అన్నాడు. అతని తప్పు లేదు, వాళ్ల లెక్క అది. మనలో ఎంతమంది ఇళ్లల్లో ఇట్లా పాత నగలు కాటా ఎక్కి, రాళ్లూ పూసలూ ఒక పొట్లంలో కట్టి చేతికిచ్చారో ఒక్కసారి తలుచుకోండి. ఆ పొట్లాలు పారెయ్యకండి. ఎందుకో ముందు చెబుతాను.

చివరకు మన ఇలాకాలోనే ఒక ముసలి ఔసలాయన దొరికాడు. అందరూ చారిగారు అంటారు. చూపు తగ్గి పని మానేశాడు. పతకం తీసుకుని వేలితో రేకులన్నీ తడిమి, "సారూ, దీన్ని నేను చెయ్యలేను. మీరు చెయ్యండి, నేను చెబుత" అన్నాడు. కొలిమి పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. అరవై నాలుగేళ్లకు మళ్లీ విద్యార్థినయ్యాను.

ఆయన చెప్పిన దాన్ని నాకు తెలిసిన సైన్సుతో కలిపి చెబుతాను. చిప్ప లోపలి మెరుపు రంగు వేసినది కాదు, పొరల వల్ల వచ్చేది. ఆ జీవి అరగొనైట్ అనే స్ఫటికాన్ని పలకలు పలకలుగా, ఇటుక మీద ఇటుక పేర్చినట్టు పేర్చుకుంటూ పోతుంది. ఒక్కొక్క పలక మందం మిల్లీమీటరులో రెండువేలవ వంతు ఉంటుంది, అంటే దాదాపు వెలుగు తరంగమంత. అందుకే వంచినకొద్దీ రంగు మారుతుంది. ఇటుకల మధ్య సున్నంలాగా ఒక జిగురు పదార్థం ఉంటుంది, అది మాంసకృత్తు. నూటికి అయిదు పాళ్లు ఉంటుందేమో, కాని చిప్పను పట్టి ఉంచేది అదే. ఆమ్లం పలకలను తింటుంది, వేడి జిగురును చెడగొడుతుంది. నేను రెండూ ఒకేసారి పెట్టాను!

సందుగ సంగతి కూడా అప్పుడే తెలిసింది. రేకుల మీద నేను చూసిన తెల్లపొడి మురికి కాదు. ఇంగ్లండులో బైన్ అనే ఆయన 1899లో, చెక్క బీరువాల్లో దాచిన గవ్వల మీద తెల్లని పొడి పుడుతోందని రాశాడు. ఆయన బాక్టీరియా పని అనుకున్నాడు. తర్వాత తేలిందేమంటే, కొన్ని రకాల చెక్కల నుంచి పుల్లని ఆవిరి వస్తుంది, ఏళ్ల తరబడి మూసిపెట్టిన పెట్టెలో, అందులోనూ తేమ ఉంటే, అది చిప్పను కొద్దికొద్దిగా తింటుంది. కాబట్టి చెక్కపెట్టెలో ఏళ్లతరబడి దాచిన ముత్యాలను, చిప్ప నగలను ఒకసారి తీసి చూసుకోండి. మెత్తని నూలుగుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టండి. బంగారు గొలుసులతో కలిపి పెట్టవద్దు, రాసుకుంటాయి.

ఇక బాగుచేసే పని. మొదటి నియమం, ఏది ఏమిటో తెలుసుకోవడం. చిప్ప చేతికి చల్లగా తగులుతుంది. ప్లాస్టిక్ తగలదు. భూతద్దంతో అంచు చూస్తే పొరలు కనిపిస్తాయి. నిమ్మరసం చుక్క వేసి చూద్దామని ఎవరూ అనుకోకండి, పరీక్ష నెగ్గుతుంది గాని వస్తువు పోతుంది.

రెండోది, మెరుగు పెట్టాల్సినవి అన్నీ ఊడదీయక్కరలేదు. గట్టిగా కూర్చున్న రేకును అక్కడే ఉంచి, చుట్టూ బంగారానికి కాగితపు టేపు అంటించి పని చేయవచ్చు. కదులుతున్నవాటిని మాత్రమే తీయాలి. అంచును ఇనుప సూదితో ఎత్తవద్దు, వెదురుపుల్ల చెక్కుకుని మెల్లగా ఎత్తాలి. లక్కను మెత్తబరచడానికి మంట చూపకూడదు. చారిగారు ఇత్తడి కడ్డీని గోరువెచ్చగా కాచి, పతకానికి వెనకవైపు తాకించి తీయించారు. కొక్కెం విరిగిందనో కడియం అతకాలనో మీరు ఔసలాయన దగ్గరికి పోతే, ఊదుగొట్టం పట్టకముందే చిప్ప, ముత్యం, పగడం తీయించండి. మాట వరసకు కాదు, దగ్గర నిలబడి తీయించండి.

మూడోది మెరుగు. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కొంచెం ఎక్కువసేపు చెబితే క్షమించాలి.

కార్లకు రంగు వేసేవాళ్లు వాడే వాటర్ పేపర్ ఉంటుంది, హార్డ్‌వేర్ దుకాణంలో అడిగితే ఇస్తారు. నంబరు పెరిగినకొద్దీ నునుపు. నేను 800తో మొదలుపెట్టి, 1200, తర్వాత 2000 వాడాను. అద్దం పలక మీద కాగితం పరిచి, నీళ్లు పోసి, రేకును వేలికొనతో ఆనించి మెల్లగా తిప్పాలి. రేకు ఉబ్బుగా ఉంటే కాగితాన్నే వేలికి చుట్టుకుని రుద్దాలి. ఒక నంబరుతో నిలువుగా రుద్దితే తర్వాతి దానితో అడ్డంగా రుద్దాలి. పాత గీతలన్నీ పోయి కొత్త గీతలు మాత్రమే కనిపిస్తే అప్పుడు నంబరు మార్చాలి. తొందరపడి ఒక్క నంబరు దాటేస్తే చివర్లో ఎంత మెరుగు పెట్టినా ఆ గీత వెక్కిరిస్తూనే ఉంటుంది. నాకు ఒక్కో రేకుకు మూడు సాయంత్రాలు పట్టింది.

ఎప్పుడూ తడిగానే చేయాలి. పొడిగా రుద్దితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మనలో ఆయాసం ఉన్నవాళ్లు అసలు ఈ పని పెట్టుకోవద్దు, ఇంకొకరితో చేయించండి. మిగతావాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, కాగితాన్ని గాలికి ఆరనివ్వకండి, ఆ నీళ్లను కడిగి పారబోయండి.

ఎంత అరగదీయాలి? సుద్దలా తెల్లబడ్డ పై పొర పోయేంతవరకే. నా అదృష్టం, అది గోటి మందం కూడా లేదు. కింద మెరుపు అలాగే ఉంది. మొదటి రేకు మీద తెలుపు పోయి, నీళ్లలోంచి గులాబీ రంగు తొంగిచూసినప్పుడు నేను కేక వేస్తే, మా ఇంటావిడ ఏదో తేలు కుట్టిందనుకుని పరుగెత్తుకొచ్చింది. అయితే మితిమీరి రుద్దితే పొరలు తెగి, మ్యాపులో గుట్టల చుట్టూ గీసే గీతల్లా వలయాలు కనిపిస్తాయి. ఒక రేకులో నాకు అదే అయింది. ఇప్పటికీ ఉంది.

చివరి మెరుగుకు సుద్దపొడి. మెత్తని తోలుముక్కను తడిపి, సుద్ద అద్ది, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు రుద్దాలి. ఇక్కడ టీచర్లకు ఒక మాట. బ్లాక్‌బోర్డు చాక్‌పీసు పొడి వాడుదామనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. చాలా చాక్‌పీసులు జిప్సంతో చేసినవి, మరీ మెత్తన. ఎంత రుద్దినా చెయ్యి నొప్పే. అసలైన సుద్ద కావాలి. అది చిప్ప కన్నా కొంచెం మెత్తనే గాని దాని జాతిదే. ఆఖరున తేనెమైనం రవ్వంత రాసి, నూలుగుడ్డతో తుడిచేస్తే చాలు. కొబ్బరినూనె రాయకండి, లోపలికి ఇంకి పసుపు పట్టిస్తుంది.

ఫ్యాక్టరీల్లో చిప్ప గుండీలకు ఆఖర్న ఆమ్లంతోనే మెరుపు తెప్పించేవారని ఎవరైనా చదివి అడగవచ్చు. నిజమే. అది చేయి తిరిగినవాళ్ల పని, వెంటనే కడిగేసే పని. పావుగంట ఉడికించే పని కాదు.

ముత్యాలకు మాత్రం ఈ అరగదీసే పద్ధతి ఎంతమాత్రం పనికిరాదు. మన హైదరాబాదు ముత్యాలకు పేరు ఊరికే రాలేదు. పత్తర్‌గట్టి బజారులో ఒకప్పుడు బస్రా ముత్యాలు రాశులు పోసి అమ్మేవారని పెద్దలు చెప్పేవారు. భారత ప్రభుత్వం 1995లో దాదాపు 218 కోట్లకు కొన్న నిజాం నగలు 173. వాటిలో ఏడు పేటల బస్రా ముత్యాల సత్‌లడా ఉంది. అవి సముద్రంలో తమంతట తాము పుట్టినవి. ఇప్పుడు మనం కొనేవి దాదాపు అన్నీ పెంచినవే. జపానులో మికిమోతో 1893లో ఆ దారి తీశాడు, మన తూత్తుకుడిలో 1973లో సాధించారు. సముద్రపు పెంపకం ముత్యంలో లోపల ఒక పూస ఉంటుంది, పైన మెరుపు పొర చాలావాటిలో అర మిల్లీమీటరు కూడా ఉండదు. రుద్దితే పూస బయటపడుతుంది. ముత్యాన్ని తడిబట్టతో తుడవడం, దారం మార్పించడం, అంతకు మించి మనం చేయగలిగింది లేదు. స్నో, పౌడరు, సెంటు అన్నీ అయ్యాక ఆఖరున ముత్యాలు వేసుకోవాలి, ఇంటికి రాగానే ముందు అవే తీయాలి. చెమటతో పెట్టెలో పెట్టవద్దు.

ఊడిన రేకును మళ్లీ కూర్చోబెట్టడానికి చారిగారు లక్కే వాడించారు. నేను రెండు గొట్టాలు కలిపే గమ్ము వాడదామన్నాను. "అది అతుకుతది సారూ, కానీ రేపు మళ్లీ ఊడదీయాల్నంటె ఎట్ల? లక్కయితే కాస్త వేడికి మాట వింటది" అన్నారు. మ్యూజియంల వాళ్లు కూడా ఇదే మాట అంటారని తర్వాత చదివాను. చిప్ప పలచగా ఉంటే వెనక ఉన్న రంగు ముందుకు కనబడుతుంది, అందుకని కింద తెల్లని పల్చటి కాగితం ముక్క వేయించారు. చిన్న పగుళ్లకు, అంచు చిట్లినచోట మాత్రం రెండు గొట్టాల గమ్ములో చిప్ప పొడి కలిపి నింపనిచ్చారు. నిదానంగా గట్టిపడే రకం, ఒక రోజంతా ఆరనివ్వాలి. చిటికెలో అతుక్కునేవి చుట్టూ తెల్లని ఆవిరి మచ్చ వదులుతాయి.

ఏడు రేకులు తయారయ్యాయి. ఎనిమిదోది పొరలై పోయింది కదా. కొత్త చిప్ప కోసం పట్నం పోదామా అనుకున్నాను. కొన్ని జాతుల గవ్వలు, చిప్పలు, పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి, 2001లో మరికొన్ని చేర్చారు. సముద్రపు ఒడ్డున అమ్ముతున్నారు కదా అని తెలియకుండా కొనడం నాకు ఇష్టం లేకపోయింది. అప్పుడు మా ఇంటావిడ అమ్మ సందుగ అడుగు నుంచి నాయిన షేర్వాణీ తీసింది. పెళ్లిళ్లకు, కచ్చేరీకి వేసుకునేవాడు. దాని గుండీలు సీపువి! ఆ రోజుల్లో మంచి గుండీలన్నీ అవే. ప్లాస్టిక్ వచ్చాకే పోయాయి.

పతకం మీద పల్చని కాగితం పెట్టి, పిల్లలు నాణెం మీద పెన్సిల్ రుద్దినట్టు రుద్ది, ఖాళీ గూటి ఆకారం తీసుకున్నాను. దాన్ని గుండీకి, కంతలకూ అంచుకూ నడుమనున్న చోట అంటించాను. సన్నని రంపంతో నీళ్లు చిలకరిస్తూ కోశాను. మొదటి గుండీ విరిగింది. రెండోది కూడా. మూడోది నిలిచింది. మీ ఇళ్లల్లోని పొట్లాలు పారెయ్యకండి అన్నది ఇందుకే. పాత గుండీ, తెగిన కమ్మ, విరిగిన పెట్టె మూత, ఏదైనా ఎవరి నగకో గూట్లో సరిపోతుంది.

మధ్యలో చారిగారిని ఒకసారి అడిగాను, ఇంత ప్రమాదకరమైన చింతపండును మీరు ఇంట్లో ఎట్లా ఉంచుకుంటారని. నవ్వి, "చేర్యాల నకాషోళ్లను అడుగుండ్రి, చింత లేకపోతే వాళ్లకు బొమ్మే లేదు" అన్నారు. నిజమే. వాళ్లు చింతగింజల అంబలితో గుడ్డకు పూత వేస్తారు, గింజల ముద్దను రంపపు పొట్టుతో కలిపి ముఖాలు చేస్తారు. గింజ అతుకుతుంది, గుజ్జు విడదీస్తుంది. ఒకే కాయలో రెండూ పెట్టాడు దేవుడు.

2016లో రాఖీకి అక్క రాకముందే నేనే ఆమె ఇంటికి పోయాను. ఆ ఏడే మన మద్దూరు వరంగల్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాకు మారింది గాని, అది దసరాకు. ఈ సంగతి శ్రావణంలోనే జరిగింది. అక్క మంచంలో కూర్చుని ఉంది. పతకం చేతిలో పెట్టాను. కళ్లజోడు తుడుచుకుని వాకిట్లో వెలుగుకు తీసుకుపోయింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. చాలాసేపు మాట్లాడలేదు. బొటనవేలితో ఒక్కొక్క రేకూ తడిమి, ఒక దాని దగ్గర ఆగింది.

"ఇది అమ్మది కాదు" అన్నది.

"కాదక్కా. నాయిన షేర్వాణీ గుండీ" అన్నాను.

"ఏది, పెద్దదా? మెడకాడిదా?"

"మెడ దగ్గరిదే."

ఇంకోసారి వెలుగుకు పట్టి చూసింది. "సందమామ లెక్క లేదు" అన్నది. నా గుండె జారింది. "కుండల నుంచి తీసినప్పుడు గిట్లనే ఉండె" అన్నది. తర్వాత లోపలికి పోయి రాఖీ తెచ్చింది. రెండు తెచ్చింది. ఒకటి ఆ ఏటిది, ఒకటి కిందటేడు కొని పెట్టుకున్నదట.

పతకం ఇప్పుడు అక్క మనవరాలి దగ్గర ఉంది. అక్కకు ఎనభై దాటాయి.

మిత్రులారా, ఈ మూల టేబుల్ మీద నాలుగు పాత సీపు గుండీలు, వాటర్ పేపరు, అద్దం పలక, గిన్నెలో నీళ్లు పెట్టాను. టీ తాగిన తర్వాత చేసి చూద్దామనుకునేవారు రండి. నగలు తెచ్చినవారు ముందు నాకు చూపించండి, మెరుగు మాట తర్వాత. ఇక్కడికి వచ్చేముందు ఎవరైనా శుభ్రంగా ఉండాలని చింతపండుతో కడిగి తెచ్చి ఉంటే, సిగ్గుపడకుండా ఆ సంగతి కూడా చెప్పండి. ఎంతసేపు నానబెట్టారో చెబితే నాకు పని సులువవుతుంది.